ఇది ఎప్పటి మాట?

కృష్ణ ఒడ్డున బతికేవాళ్లకి అంకె ఒక్కటి చెబితే ఆనదు. పక్కన గంట కూడా చెప్పాలి. వరద రోజుల్లో బెజవాడ భవానీపురంలో ఏ టీ కొట్టు దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. "నాలుగు లక్షలు వదిలారంట" అని ఒకాయన అనగానే పక్కాయన "అమ్మో" అనడు. "ఎన్నింటికి?" అంటాడు. పులిచింతల నుంచి ప్రకాశం బ్యారేజీకి దాదాపు 85 కిలోమీటర్ల దారి. అక్కడ వదిలిన నీళ్లు ఇక్కడ పున్నమి ఘాట్ మెట్లెక్కడానికి గంటలు పడుతుంది. కాబట్టి పొద్దున ఆరింటి అంకెకి ఒక అర్థం, అదే అంకె నిన్న రాత్రి పదింటిదైతే ఇంకో అర్థం. 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది అని ఇక్కడ చాలామందికి కంఠతా వచ్చు. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ 70 గేట్ల మీదుగా 11.43 లక్షలు పోతున్నప్పుడు కూడా జనం ఆ అంకె విని ఊరుకోలేదు. "పెరుగుతోందా, తీస్తోందా?" అని అడుగుతూనే ఉన్నారు. ఇప్పటి మాటనీ ఇందాకటి మాటనీ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప ఆ ప్రశ్నకి జవాబు రాదు. గంట లేని అంకె ఏటిగట్టు మీద పుకారుతో సమానం.

ఇంత గట్టివాళ్లమూ ఏసీ భవనంలో అడుగుపెట్టగానే మెత్తబడిపోతాం. గోడ మీది తెరలో 24.5 డిగ్రీలని కనిపిస్తే నమ్మేస్తాం. ఎన్నింటికని అడగం. తెర వెలుగుతోంది కదా, అంకె కూడా ఇప్పటిదే అయ్యుంటుందని మన ధీమా. ఆ తెరల వెనక పనిచేయడమే నా బతుకుతెరువు కాబట్టి ఈ ధీమా గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

భవానీపురంలో ఒక భవనం. పేరెందుకు లెండి. కింద ఫంక్షన్ హాలు, పైన అతిథులకి గదులు, వెనక వంటశాల, దాన్ని ఆనుకుని పాలూ కూరగాయలూ దాచే కోల్డ్ రూమ్, ఆ లోపల ఇంకో తలుపు వెనక ఫ్రీజర్. సెల్లారులో కరెంటు ప్యానెళ్ల గది. రోహిణి కార్తెలో బెజవాడ ఎండ ఎరిగినవాళ్లకి ఆ భవనంలో అందరికన్నా పెద్దమనిషి ఎవరో చెప్పక్కర్లేదు. మేడ మీది చిల్లర్. అది ఆగితే ముహూర్తం ఆగదు గానీ, అక్షింతలు వేసేదాకా కూర్చునేవాళ్లుండరు.

ఇందులో ఏ రెండు యంత్రాలూ ఒక కంపెనీవి కావు. చిల్లర్ ఒకరిది, కరెంటు మీటర్లు ఇంకొకరివి, జనరేటర్ కంట్రోలర్ మరొకరిది, కోల్డ్ రూమ్‌ది ఎవరిదో వేసినవాళ్లకే తెలియాలి. ఏది ఎప్పుడు అవసరమైతే అప్పుడు, ఎవరు తగ్గించి ఇస్తే వాళ్ల దగ్గర కొన్నారు. ఎవరి భాష వారిది. యజమానికి మాత్రం అన్నీ ఒకే తెర మీద కనపడాలి, అదీ తన ఫోన్లో.

ఈ భాషల గొడవ ఇవాళ్టిది కాదు. మన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ మొదలైన 1979లోనే, అమెరికాలో మోడికాన్ అనే కంపెనీ తన ఫ్యాక్టరీ కంట్రోలర్ల కోసం మోడ్‌బస్ అనే భాషని తయారుచేసింది. పరమ పొదుపరి భాష. మర్యాదల్లేవు, విశేషణాల్లేవు. ఒకరు అడుగుతారు, అడిగించుకున్నవారే జవాబు చెబుతారు. అడగనిదే ఎవరూ నోరు విప్పరు. వాడుకున్నందుకు రుసుమేమీ లేకపోవడంతో ప్రపంచమంతా వాడుకుంది. ఇవాళ్టికీ మనం కొనే మామూలు కరెంటు మీటరు వెనక రెండు స్క్రూలు కనిపిస్తే, చాలాసార్లు అది ఈ భాష మాట్లాడే నోరే.

భవనాలకి ఏసీలు అమ్మేవాళ్ల కథ వేరు. ప్రతి కంపెనీ తన భాషకి తాళం వేసుకునేది. ఒకసారి కొన్నవాడు భవనం కూలేదాకా వాళ్ల దగ్గరే కొనాలి. దీంతో విసిగినవాళ్లు ఆష్రే అనే అమెరికా ఏసీ ఇంజినీర్ల సంఘం గొడుగు కింద 1987లో ఒక కమిటీగా కూర్చున్నారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసే మైకేల్ న్యూమన్ దానికి అధ్యక్షుడు. ఎనిమిదేళ్లు వాదించుకుని 1995లో బ్యాక్‌నెట్ అనే ఉమ్మడి భాషని బయటపెట్టారు. 2003లో అది అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. ఇది మోడ్‌బస్‌లా ముక్తసరి కాదు. మోడ్‌బస్ "42" అని ఊరుకుంటుంది. బ్యాక్‌నెట్ అయితే కోల్డ్ రూమ్ ఉష్ణోగ్రత, 4.2, సెల్సియస్ డిగ్రీలు, ప్రస్తుతం దోషమేమీ లేదు అని పేరూ ఊరూ ఆరోగ్యం అన్నీ చెబుతుంది.

ఈ ఇద్దరి మధ్య ప్యానెల్ లోపలి పట్టీకి తగిలించి ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఒక పక్క సన్నటి తీగలు రెండు, రెండో పక్క నెట్‌వర్క్ కేబుల్. దాని పేరు గేట్‌వే. చేసేది దుబాసీ ఉద్యోగం. దానికి రెండు భాషలూ నేర్పి కూర్చోబెట్టడం నా ఉద్యోగం.

నేర్పడం తీగలతో మొదలవుతుంది. ఆర్‌ఎస్-485 అనే ఆ రెండు తీగల్లో ఒకటి ఏ, ఒకటి బి. అయితే ఏది ఏ, ఏది బి అన్న దగ్గరే కంపెనీలకి పొత్తు కుదరదు. ఒకరి ఏ ఇంకొకరికి బి. కాబట్టి యంత్రం పలకకపోతే మొదటి వైద్యం తీగలు అటుదిటు మార్చి బిగించడం. లైను కొసలో 120 ఓమ్‌ల రెసిస్టర్ లేకపోతే దూరం పోయిన మాట గోడకి తగిలినట్టు వెనక్కొస్తుంది. ప్రతి యంత్రానికీ 1 నుంచి 247 లోపు ఒక నంబరు ఇవ్వాలి. ఇద్దరికి ఒకే నంబరు పడిందా, ఇద్దరూ ఒకేసారి పలుకుతారు, ఒక్క ముక్కా అర్థం కాదు.

ఆ తర్వాత అంకెల వేడుక. మోడ్‌బస్‌లో ఒక గడిలో పట్టేది 0 నుంచి 65,535 దాకా. దశాంశాలు లేవు, మైనస్సులు లేవు. 4.2 చెప్పాలంటే 42 అని పంపుతుంది, పదితో భాగించుకోవడం మన పని. మైనస్ చెప్పాలంటే పైకొస నుంచి వెనక్కి లెక్కపెడుతుంది. మైనస్ 180 అనడానికి 65,356 అంటుంది. ఈ గుట్టు చెప్పకముందు కొత్త పెట్టె దాన్ని బుద్ధిగా పదితో భాగించి ఫ్రీజర్ ఉష్ణోగ్రత 6,535.6 డిగ్రీలని తెర మీద వేసింది. సూర్యుడి ఉపరితలం వేడి 5,500 డిగ్రీలకి అటూ ఇటూ. భవానీపురంలో ఒక ఫ్రీజర్ సూర్యుణ్ణి మించిపోయిందన్నమాట. ఆ భవనంలో కరెంటు పని చూసే మేస్త్రీగారు తెరకేసి చూసి, "ఐస్‌క్రీమ్ గతి ఏంటంటారు బాబూ?" అన్నారు. ఇంకో మీటరు 230 వోల్టుల్ని రెండు గడుల్లో పెట్టి పంపుతుంది. ముందు గడి వెనక, వెనక గడి ముందు చదివితే, దశాంశ బిందువు తర్వాత నలభై సున్నాలు పెట్టుకుంటే గానీ రాయలేనంత చిన్న సంఖ్య వస్తుంది. లైట్లన్నీ దేదీప్యమానంగా వెలుగుతుంటాయి, తెర మాత్రం ఊళ్లో కరెంటు లేదంటుంది.

ఇలాంటి తప్పులంటే నాకు ముచ్చట. అవి సిగ్గులేకుండా బజారున పడి అరుస్తాయి. సూర్యుణ్ణి మించిన ఫ్రీజర్‌ని నమ్మే అమాయకుడు ఎక్కడా ఉండడు. భయపడాల్సింది నమ్మబుద్ధేసే అంకెని చూసి.

అది నాకు చూపించినవారు మేస్త్రీగారే. వయసులో బాబాయి వరసవుతారు. తెరల మీద ఆయనకి గౌరవం లేదు. నీళ్ల ట్యాంకు నిండిందో లేదో మేడెక్కి వేళ్లతో తట్టి చెబుతారు. కోల్డ్ రూమ్ 4.2 డిగ్రీలని తెర మీద కుదురుగా రాగానే నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆయన మాత్రం థర్మామీటరు పట్టుకుని లోపలికెళ్లి చూసొచ్చారు. నాలుగు చిల్లరే ఉంది. అయినా మొహంలో తృప్తి లేదు.

"బాబూ, ఇది ఇప్పుడు చెబుతోందా, ఇందాక చెప్పిందే చెబుతోందా?"

"ఇప్పుడే చెబుతోందండీ. అదెందుకొచ్చింది అనుమానం?"

"తీగ పీకితే పోలా?"

పీకారు. ఇద్దరం తెర ముందు నిలబడ్డాం. 4.2. టీలొచ్చాయి, తాగాం. 4.2. ఆయన వంటవాళ్లని కేకేసి కోల్డ్ రూమ్ తలుపు బార్లా తీసి ఉంచమన్నారు. వంటశాల వేడి లోపలికి, లోపలి చలి బయటికి ధారాళంగా నడిచాయి. తెర మీద అదే 4.2. పైగా పచ్చరంగులో.

"ఎంత నిబ్బరమో చూడండి" అన్నారు మేస్త్రీగారు.

పెట్టె చెడిపోలేదు. దాని పద్ధతి అది. గేట్‌వే కోల్డ్ రూమ్‌ని అడుగుతుంది, క్షణమో రెండు క్షణాలో చూస్తుంది, మళ్లీ అడుగుతుంది, చివరికి వదిలేస్తుంది. వదిలేశాక ఏం చేయాలన్నది ఆ పెట్టె సెట్టింగుల్లో ఒక మూల ఉంటుంది. పాత విలువనే పట్టుకుని ఉండమనవచ్చు. ముందే అనుకున్న ఇంకో విలువ చూపమనవచ్చు. దోషమని జెండా ఎత్తమనవచ్చు. మనం ఏదీ చెప్పకపోతే చాలా పెట్టెలు మొదటిదాన్నే పట్టుకుంటాయి. ఇది దురుద్దేశం కాదు. పక్కన లిఫ్టు మోటారు మొదలైనప్పుడో జనరేటర్ మారినప్పుడో లైను మీద ఒక్క క్షణం చప్పుడు చేరి ఒక జవాబు పోతుంది. అంతమాత్రానికే గంటలు మోగి, పంపులు ఆగి, జనం పరుగులు పెట్టాలా? ఒక్క క్షణం పాటు పాత మాటే చెప్పడం మర్యాద. ఒక గంట పాటు పాత మాటే చెప్పడం అబద్ధం. మర్యాద ఏ క్షణాన అబద్ధంగా మారుతుందో పెట్టెకి తెలియదు. అది తెలిసినవాళ్లు కూర్చుని చెప్పాలి.

అలా కూర్చున్నప్పుడు నాకు అర్థమైంది, ప్రతి అంకెకీ ఒక ఆయుర్దాయం ఉంటుందని. కరెంటు మీటరులో యూనిట్ల లెక్క గంట పాతదైనా కొంప మునగదు. కోల్డ్ రూమ్ చల్లదనం పావుగంటకి మించి నిలవుంచకూడదు. మంటలార్పే పంపులో నీటి ఒత్తిడి నిమిషం పాతదైతే పనికిరాదు. మేస్త్రీగారూ నేనూ ఒక్కో అంకె ముందు పెట్టుకుని దీని మాట ఎంతసేపు చెల్లుతుందని బేరమాడుకున్నాం. ఏ పుస్తకంలోనూ ఆ జాబితా లేదు. ఆ గదుల్లో తిరిగిన మనిషి అనుభవంలో ఉంది.

ఇంకో సంగతి కూడా ఆయనకి చెప్పి ఒప్పించాను. మోడ్‌బస్‌లో కాదనడం రెండు రకాలు. లేని గడి కోసం అడిగితే యంత్రం "ఆ గడి నా దగ్గర లేదు" అని ఒక అంకె రూపంలో జవాబిస్తుంది. అది తిరస్కారమే అయినా జవాబు. అవతల ఎవరో ఉన్నారు, విన్నారు, కాదన్నారు. రెండోది నిశ్శబ్దం. అవతల ఉన్నారో లేదో కూడా తెలియదు. దుబాసీ ఈ రెండిటినీ కలిపి "కుదరలేదండీ" అని తేల్చేస్తే సగం వార్త మింగేసినట్టే.

మన డెల్టాకి దుబాసీలు కొత్త కాదు. 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ తీరంలో వాళ్ల బేరాలన్నీ దుబాసీల నోటి మీదుగానే నడిచాయి. వాళ్లలో డబ్బు చేసుకున్నవారున్నారు, పేరు చెడగొట్టుకున్నవారున్నారు. ఆ పనికే గౌరవం తెచ్చినవారూ ఉన్నారు. ఏలూరుకి చెందిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరులు లక్ష్మయ్య, రామస్వామి అలాంటివారు. వాళ్లు దుబాసీలుగా పనిచేసిన కాలిన్ మెకంజీ దొర దక్షిణదేశమంతా సర్వే చేయిస్తూ ఊళ్ల చరిత్రలు, శాసనాలు పోగుచేయించాడు. ఆయనకి దేశభాషలు రావు. ఆ సంగతి ఆయన దాచుకోనూ లేదు. 1803లో బొర్రయ్య చిన్న వయసులోనే పోయాక లక్ష్మయ్య ఆ బాధ్యత భుజానికెత్తుకున్నాడు. ఊరూరా తిరిగిన సహాయకులు కరణాల చేత కైఫీయతులనే ఊరి చరిత్రలు రాయించి పంపేవారు. ఆ కైఫీయతులని మన చరిత్రకారులందరూ వాడుకుంటారు.

నన్ను ఆకట్టుకునేవి మాత్రం ఆ సహాయకులు పంపిన పని నివేదికలు. వాటిలో దొరికినవే కాదు, దొరకనివి కూడా ఉన్నాయి. కాగితాలు చూపించడానికి వెనకాడినవాళ్లు, ఇదంతా కొత్త పన్ను వేయడానికేమోనని జంకినవాళ్లు, రేపు మాపు అని తిప్పినవాళ్లు వాటిలో కనిపిస్తారు. పైన ఉన్న దొరకి తెలుగు రాదు. ఏదో ఒక కథ అల్లి పంపినా కనిపెట్టేవాడు లేడు. అయినా "అడిగాం, ఇవ్వలేదు" అని రాశారు. నా దృష్టిలో ఆ నివేదికల విలువ అక్కడుంది. ఇవ్వలేదని రాయగలిగినవాడు ఇచ్చారని రాస్తే నమ్మబుద్ధేస్తుంది.

తిరస్కారం సంగతి అలా ఉంచితే, నిశ్శబ్దానికి అర్థం ఏమిటో మన డెల్టాకి తెలిసినంతగా ఎవరికీ తెలియదేమో. 1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన దివిసీమని ముంచేసింది. టెలిఫోన్, టెలిగ్రాఫ్ తీగలు తెగిపోయాయి, చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. గాలికి ఇళ్ల కప్పులు లేచిపోయిన ఊళ్ల నుంచి ఎలాగోలా కబురొచ్చింది. సముద్రం మీదికొచ్చిన ఊళ్ల నుంచి రాలేదు. ఎంత ఘోరం జరిగిందో బయటి ప్రపంచానికి పూర్తిగా అర్థం కావడానికి రోజులు పట్టింది. అధికారిక లెక్కే పదివేల ప్రాణాల దాకా చెబుతుంది. 2024లో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు ఇంకాస్త చిన్న ఎత్తున అదే చూశాం. మొదటిరోజు మేడల మీది నుంచి ఫోన్లు వచ్చాయి. తర్వాత ఛార్జింగ్ అయిపోయి ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఫోన్లు తగ్గాయంటే ఆపద తగ్గిందని కాదు కదా.

ఇక్కడే కోల్డ్ రూమ్‌కీ దివిసీమకీ చుట్టరికం కలుస్తుంది. మనిషిని ముంచే నీరే మాటని మోసే తీగనీ ముంచుతుంది. కోల్డ్ రూమ్ కంప్రెసర్‌కి కరెంటు పోతే, దాని చల్లదనం చెప్పే కంట్రోలర్‌కి కూడా చాలాసార్లు అదే ఫ్యూజుతో పాటు ఆగిపోతుంది. అందుకని చచ్చేముందు అది చెప్పే ఆఖరి మాట ఎప్పుడూ "బాగానే ఉన్నాను" అనే. వేడెక్కుతున్నానని చెప్పడానికి అప్పటికి దానికి ప్రాణం ఉండదు. ఆ ఆఖరి మాటని పట్టుకుని పచ్చరంగులో రాత్రంతా చూపిస్తూ కూర్చునే దుబాసీ, అసలు దుబాసీ లేకపోవడం కన్నా అధ్వాన్నం. దుబాసీ లేకపోతే కనీసం మేస్త్రీగారు థర్మామీటరు పట్టుకుని వెళ్లేవారు.

ఇదంతా మేనేజరుగారికి చెప్పాం. ఓపిగ్గా విన్నారు. "అంతా బాగుంది గానీ, తెర మీద ఎరుపు వద్దండీ. ఓనరుగారు ఫోన్లో చూస్తుంటారు. కంగారు పడతారు" అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఎరుపు కనపడితే ముందు తిట్లు తినేది ఆయన. యంత్రం మూగబోయిందంటే మేనేజరు చూసుకోలేదనే అర్థం చేసుకుంటారు పైవాళ్లు. మన ప్రతి ఆఫీసులోనూ ఖాళీ గడి కనపడకూడదని పోయిన నెల అంకెనే ఈ నెల పట్టికలో దించి పంపే గుమాస్తా ఒకరుంటారు. ఆ గుమాస్తాని తయారుచేసింది ఖాళీ గడిని చూసి కేకలేసే పై అధికారి. తెలియదన్న జవాబుకి శిక్ష వేసే చోట తెలుసన్న జవాబులకి కరువుండదు. యంత్రాలకి ఈ భయం పుట్టుకతో లేదు. సెట్టింగుల్లో మనమే ఎక్కిస్తున్నాం.

చివరికి రాజీ కుదిరింది. విలువ తాజాగా ఉన్నంతసేపూ పచ్చ. జవాబు ఆగితే అంకె అలాగే ఉంటుంది గానీ బూడిద రంగులోకి మారి, పక్కన అది ఎన్నింటి మాటో కనిపిస్తుంది. దాని ఆయుర్దాయం తీరిపోతే అప్పుడు ఎరుపు. బ్యాక్‌నెట్‌లో దీనికి ఏర్పాటు ముందునుంచీ ఉంది. ప్రతి విలువ వెంటా అలారం, దోషం, చేత్తో మార్చారు, వాడుకలో లేదు అని నాలుగు జెండాలు ఉంటాయి. దోషం జెండా లేస్తే కారణం చెప్పే గడి పక్కనే ఉంటుంది, అందులో సంబంధం తెగిపోయిందని రాయవచ్చు. ఎనిమిదేళ్లు వాదించుకున్న ఆ పెద్దమనుషులు తెలియదని చెప్పడానికి కూడా చోటు ఉంచారు. ఆ చోటు వాడుకోవడమే మనం మర్చిపోతుంటాం. "బూడిద రంగైతే పర్వాలేదు" అన్నారు మేనేజరుగారు. మేస్త్రీగారు మళ్లీ తీగ పీకి, అంకె రంగు మారేదాకా చూసి, మళ్లీ బిగించి అప్పుడు గానీ తల ఊపలేదు.

పాత విలువలతోనే కాదు, పాత ఆజ్ఞలతోనూ ఇదే తంటా. బ్యాక్‌నెట్‌లో ఒక యంత్రానికి ఎవరు ఏ ఆజ్ఞ ఇచ్చినా పదహారు మెట్లలో ఏదో ఒక మెట్టు మీద నిలబడి ఇవ్వాలి. ఒకటో మెట్టుది అందరికన్నా పైమాట. అది ప్రాణరక్షణ కోసం. ఎనిమిదోది మనిషి చేత్తో ఇచ్చే ఆజ్ఞకి. రోజువారీ వేళల పట్టిక ఎక్కడో కింది మెట్ల మీద ఉంటుంది. పెళ్లి రోజు ముహూర్తం అర్ధరాత్రి దాటాకనుకోండి, ఆఫీసు కుర్రాడు ఎనిమిదో మెట్టెక్కి హాలు ఏసీ ఆన్ చేస్తాడు. పెళ్లయిపోతుంది, అప్పగింతలైపోతాయి, వియ్యాలవారు ఎవరి ఊరు వారు వెళ్లిపోతారు. కుర్రాడు మెట్టు దిగడం మర్చిపోతాడు. పట్టిక రోజూ రాత్రి ఆపమని చెబుతూనే ఉంటుంది, పైమెట్టు మీద కూర్చున్న ఆ పాత ఆజ్ఞ ముందు దాని మాట చెల్లదు. ఖాళీ కుర్చీలకి తెల్లవార్లూ చల్లగాలి. దానికీ గడువు పెట్టాం. ఎనిమిదో మెట్టు మీద ఎవరు కూర్చున్నా కొన్ని గంటలు గడిస్తే పెట్టె మర్యాదగా లేపి పంపించేస్తుంది. ఎవరు, ఎందుకు, ఎప్పుడు పెట్టారో తెలియని నియమాలు ఏలుతున్న ఇళ్లనీ ఆఫీసులనీ చూసినప్పుడల్లా, మనకీ ఇలాంటి గడువు ఉంటే ఎంత బాగుండునా అనిపిస్తుంది.

మరి దుబాసీయే పోతే? మేస్త్రీగారు ఈ ప్రశ్న కూడా వదల్లేదు. అందుకోసం పెట్టెలో ఒక అంకె ఉంచాం. దానికి అర్థమేమీ లేదు, క్షణక్షణానికీ ఒకటి పెరుగుతూ ఉంటుంది. అది కదలడం మానేస్తే తెర మీద పెట్టె మోసుకొచ్చిన అంకెలన్నీ ఒక్కసారిగా బూడిదవుతాయి. ఎంత నమ్మకస్తుణ్ణయినా మనం నమ్మాల్సింది అతని ఊపిరి ఆడుతున్నంతసేపే.

అబద్ధం చెప్పడానికి కొత్త అంకెలు అల్లక్కర్లేదు. పాత నిజాన్ని కొత్త నిజంలా చూపిస్తే సరిపోతుంది. పోయిన వరద వీడియో ఈ వరదలో తిరుగుతుంది. అందులో నీళ్లు నిజం, బ్యారేజీ నిజం, మునిగిన ఇళ్లు నిజం, తేదీ ఒక్కటే మాయం. మాట మోసేవాళ్లు ఎవరైనా, పెట్టె గానీ పత్రిక గానీ పక్కింటి పిన్నిగారు గానీ, మాటతోపాటు దాని వయసు కూడా మోయాలి. వాళ్లు మోయకపోతే అడిగి పుచ్చుకోవలసింది మనం.

మొన్న మేనేజరుగారు ఫోన్ చేశారు. "కోల్డ్ రూమ్ బూడిదరంగైపోయిందండీ. మీ పెట్టె పాడైనట్టుంది, ఓసారి రండి" అన్నారు. వస్తాను గానీ, ముందు మేస్త్రీగారికి థర్మామీటరిచ్చి లోపలికి పంపండి, పెట్టె సంగతి తర్వాత చూద్దాం అన్నాను.